కిటికీ సీటు మీద బాపు తువ్వాల

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే నేను ముందు అడిగేవి కొన్ని ఉంటాయి. చూసిన మనిషికి ఆ రోజు నిద్ర ఉందా? జ్వరం ఉందా? చూసింది నువ్వేనా, ఇంకెవరో చెప్పగా విన్నావా? ఇంతవరకు ఈ ప్రశ్నలు దాటిన కథ నాకు తగలలేదు. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. సూరత్‌లో బట్టలకు రంగులద్దే ఒక డైయింగ్ మిల్లులో మెయింటెనెన్స్ చూస్తాను. మెషిన్ ఆగిందంటే కారణం ఉంటుంది. అది దొరకలేదంటే నేను ఇంకా సరిగ్గా వెతకలేదని అర్థం.

ఇప్పుడు రాస్తున్నది జరిగిన రోజు నేను బాగా నిద్రపోయి లేచాను. జ్వరం లేదు. పట్టపగలు, నలుగురి మధ్య, నా కళ్లతో చూశాను. అందుకే రాయాల్సి వస్తోంది.

మాది సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం. నాన్నను బాపు అంటాం. ఆయన పెళ్లికి ముందే సూరత్ వచ్చి పవర్‌లూమ్ కార్ఖానాలో చేరాడు. నేను పుట్టిందీ, మున్సిపాలిటీ తెలుగు బడిలో అక్షరాలు దిద్దిందీ ఇక్కడే. ఇప్పుడు పాండేసర దగ్గర వడోద్‌లో ఉంటున్నాం.

బాపు గురించి కొన్ని సంగతులు ముందే చెప్పాలి.

ఆయన గొంతు చాలా పెద్దది. సాంచాల, అంటే మరమగ్గాల, మోతలో ఏళ్లు గడిపినవాళ్లకు చెవులు మందగిస్తాయి. బాపు అన్నంలోకి ఉప్పు అడిగితే పక్కింటివాళ్లకు వినపడేది. కార్ఖానా లోపల ఎంత అరిచినా మాట చేరదు కాబట్టి అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. ఆ సైగల్లో ఒకటి మా ఇంట్లోకి కూడా వచ్చింది. చూపుడు వేలును అడ్డంగా పెట్టి, మగ్గంలో నాడె (షటిల్) ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెత్తినట్టు అటూ ఇటూ కదపడం. సాంచా నడుస్తోంది, ఫికర్ లేదు అని దాని అర్థం. పరీక్ష హాల్లోకి పోతూ వెనక్కి తిరిగితే గేటు అవతల నుంచి బాపు అదే చూపించేవాడు.

రెండోది, కిటికీలు. గాలికి దారాలు తెగుతాయని కార్ఖానాలో కిటికీలు మూసి ఉంచుతారు. పగలు డ్యూటీ అయినా ట్యూబ్‌లైట్ వెలుగే. అందుకేనేమో, బస్సులో కిటికీ సీటంటే బాపుకు ఎక్కడలేని పట్టింపు. అయితే తనకోసం కాదు. నన్నూ అమ్మనూ కూర్చోబెట్టి తను కడ్డీ పట్టుకుని నిలబడేవాడు. నాకు గుర్తున్నంతవరకు ఆయన కిటికీ పక్కన కూర్చోలేదు.

మూడోది తువ్వాల. బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకోవడం అందరూ చేసేదే. మామూలు రుమాలు గాలికి తేలిపోయి ఎవరి ఒళ్లోనో పడుతుంది. బాపు తువ్వాల అలా పోయేది కాదు. ఎర్ర అంచు ఉన్న కోరా గుడ్డ అది. ఒక మూలలో సాంచాకు వాడే పాత ఇనుప వాషర్ పెట్టి ముడి వేసేవాడు. ఆ బరువుకు తువ్వాల నేరుగా పోయి అనుకున్న సీటు మీదే పడేది. మా సాంచాల వాళ్లలో ఇంకొందరు కూడా ఇలా చేయడం చూశాను.

బాపుకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఆసుపత్రిలో లోపలికి పంపేవాళ్లు కాదు, తలుపు అద్దంలోంచి చూడాలి. ముఖానికి ఆక్సిజన్ మాస్క్ ఉంది. నన్ను చూసి దుప్పటి మీద వేలు అడ్డంగా పెట్టి అటూ ఇటూ కదిపాడు. మర్నాడు పొద్దున పోయాడు.

మా వైపు చనిపోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పిట్టకు పెడతారు. కాకి వచ్చి ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని, అదేమిటో ఊహించి పైకి చెప్పి మాట ఇస్తారు. మేం తాపీ నది ఒడ్డున పెట్టాం. మటన్, పచ్చిపులుసు, బీడీ కట్ట, కూల్ డ్రింక్. కాకి రాలేదు.

"మందు లేకపాయె. గుజరాత్ల సచ్చిపోవుడే తప్పాయె," అన్నాడు బాపుతో పని చేసిన ఒకాయన. ఇక్కడ మద్యనిషేధం. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు.

కొడుకు పెళ్లి చేస్తామన్నారు. భార్యను బాగా చూసుకుంటామన్నారు. గోడ మీది కాకులు కదలలేదు. ఎండ ఎక్కుతోంది. చివరికి బాపు తమ్ముడు, మా చిన్నబాపు, ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"అన్నా, సముద్రం పక్కపొంటి బస్సుల పోవాల్నని అంటుంటివి గదా. ఏడాది తిరగకముందే నీ కొడుకు తోల్కపోతడు. కిటికీ కాడ కూసోబెడ్తడు. ఇగ ముట్టు."

ఒక కాకి దిగి మటన్ ముక్క ఎత్తుకుపోయింది.

నా లెక్క నాకు ఉంది. అంతసేపూ మేమంతా విస్తరి చుట్టూనే నిలబడ్డాం. చిన్నబాపుకు దారి ఇవ్వడానికి వెనక్కి జరిగాం. మనుషులు జరిగారు కాబట్టి కాకి దిగింది. ఈ మాట ఇంటికొచ్చాక అమ్మతో అన్నాను. మర్నాటి నుంచి టీ మానేసింది. రోజూ పొద్దున బాపు, తను కలిసి తాగే టీ అది. మాట తీరేదాకా తాగనంది. ఏడాది లోపల తీరకపోతే పెట్టిన ముద్ద ఆయనకు చేరదని ఆమె నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. కానీ పొద్దున్నే ఖాళీ చేతులతో స్టవ్ ముందు కూర్చున్న అమ్మను రోజూ చూడటం నా వల్ల కాలేదు.

అలా ఈ ప్రయాణం నా మీద పడింది. ఒంటరిగా తీరం వెంట పోవాలి, దేనిలో పోవాలి? నేను ఎక్సెల్ తెరిచాను.

చిక్కేమిటంటే సూరత్ నుంచి దక్షిణాన ఉన్న దమణ్ (డామన్) దాకా సముద్రం పొడవునా ఉంది కానీ దాని పక్కనే పోయే ఒకే దారి లేదు. రైలు, హైవే రెండూ లోపలినుంచి పోతాయి. బీచ్‌లకు పోయే రోడ్లు వాటినుంచి దువ్వెన పళ్లలా విడివిడిగా దిగుతాయి. ఒక పన్ను మీంచి ఇంకో పన్ను మీదికి పోవాలంటే వెనక్కి రావాల్సిందే. సముద్రం ఎంతసేపు కనిపిస్తుంది, కావలసిన చోట ఆగొచ్చా, వాన వస్తే ఏమిటి, ఒక్కడినే ఉన్నప్పుడు బండి చెడితే ఎవరు దిక్కు, అదే రోజు ఇల్లు చేరగలనా అని ఒక్కోదానికి మార్కులు వేశాను. రైలుకు అన్నిటికన్నా తక్కువ వచ్చాయి. షేర్ జీపులో కిటికీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. నా బైక్ గెలిచింది.

అమ్మకు చూపించాను.

"మీ బాపు ఎన్నడన్న బండి ఎనుక కూసున్నడా? తల తిరిగి చక్కరొస్తది ఆయనకు."

"అమ్మా, పోయేది నేనొక్కన్నే."

"మరి మాట ఎవలికిచ్చిండ్రు?"

అప్పుడే వచ్చిన చిన్నబాపు కల్పించుకున్నాడు. "కిరాయి కారు మాట్లాడు వదినా. ఏసీల మంచిగ పోయొస్తడు."

"బస్సు అన్నది నువ్వే గద. కాకి బస్సంటే వచ్చిందా, కారంటే వచ్చిందా?"

చిన్నబాపు ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

మిల్లులో నాతో పనిచేసే వల్సాడ్ కుర్రాడిని అడిగితే, అక్కడి నుంచి చేపల ఊళ్ల మీదుగా దమణ్ వైపు పోయే లోకల్ బస్సు ఒకటుందని, కొంత దూరం సముద్రం పక్కనే పోతుందని చెప్పాడు. మ్యాపులో చూశాను, నిజమే. వల్సాడ్ దాకా రైలు, అక్కడినుంచి బస్సు. దక్షిణానికి పోతాం కాబట్టి సముద్రం కుడిచేతి వైపు వస్తుంది. కుడివైపు కిటికీ దొరకాలి. వర్షాలు పోయి, ఏడాది దగ్గరపడుతుండగా ఒక ఆదివారం ఖాయం చేసుకున్నాను.

బయలుదేరేటప్పుడు అమ్మ తువ్వాల తెచ్చి నా నీలం బ్యాగులో పెట్టింది. బాపు పోయాక మూల ముడి విప్పి, ఉతికి దాచిన తువ్వాల అది. ఆ పొద్దున ఇస్త్రీ చేసి మడతపెట్టింది. ముడిలోంచి తీసిన వాషర్ తన స్టీలు డబ్బాలో వేసుకుందని నాకు తెలుసు.

"రెండు టికెట్లు తీస్కో," అంది.

"రెండో మనిషి ఏడి అని కండక్టర్ అడిగితే ఏం చెప్పాలె?"

"గంత చదువు చదివిచ్చినం, గా మాత్రం జవాబు చెప్పరాదా?"

ఒకటే తీసుకుంటానన్నాను.

రైల్లో నీళ్ల సీసా కోసం బ్యాగు తెరిచాను. తువ్వాల మడత చెదరకుండా ఉంది. ఇది కచ్చితంగా గుర్తుంది. సీసా మూత సరిగ్గా లేక తువ్వాల తడుస్తుందేమోనని దాన్ని పక్క అరలోకి మార్చాను. తర్వాత జిప్ వేసి, బ్యాగు ఛాతీ మీదికి తగిలించుకున్నాను. జనంలో నేనెప్పుడూ అలాగే వేసుకుంటాను.

వల్సాడ్ బస్టాండు నిండా జనం. బస్సు లోపలికి వస్తుండగానే ఎడమవైపు, తలుపు ఉన్న వైపు, అందరూ పరిగెత్తారు. రుమాళ్లు, చున్నీలు, ఒకాయన కూరగాయల సంచి కూడా కిటికీల్లోంచి పోయాయి. నా దగ్గర తువ్వాల ఉందని తెలుసు. ఇంజినీరునై ఉండి జనంలో తువ్వాల విసరడానికి మొహమాటమేసింది. నిలబడే పోదాం, వంగితే సముద్రం కనపడకపోదు అనుకున్నాను. చివర ఎక్కినవాళ్లలో నేనొకణ్ణి.

లోపల కాలు పెట్టే సందు లేదు. కుడివైపు, డ్రైవరు వెనక కొన్ని వరసల తర్వాత, ఇద్దరు కూర్చునే సీటు ఒకటి ఖాళీగా ఉంది. రెండు చోట్లకూ అడ్డంగా తువ్వాల పరిచి ఉంది. ఎర్ర అంచు కోరా గుడ్డ. ఇస్త్రీ గీతలు ఇంకా కనపడుతున్నాయి.

మొదట చేసిన పని బ్యాగు తడుముకోవడం. జిప్ వేసే ఉంది. తెరిచాను. పక్క అరలో తువ్వాల లేదు.

వెనక సీట్లో చేపలమ్మే ఆమె ఒకతె, ఖాళీ బుట్ట కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. బస్సు బస్టాండులోకి రాకముందే ఎక్కి ఉంటుంది. నన్ను, నా ఛాతీ మీది బ్యాగును చూసి గుజరాతీలో విసుక్కుంది.

"బేసో నే, భాయ్. కూర్చో, నీ సీటే. ఎంతమందికని సమాధానం చెప్పను? మీ బాపూజీ ఎక్కడ?"

నా తండ్రి లేడని చెప్పబోయాను. తువ్వాలను కిటికీ వైపుకు జరిపి నేను ఇటు అంచున కూర్చున్నాను.

బస్సు కదలబోతుంటే ఆమె కండక్టరును కేకేసింది. ఒక పెద్దమనిషి ఎక్కలేదు, ఆపమంది. ఆయన జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "కేట్లా?" అన్నాడు. ఎంతమంది అని.

"బే," అన్నాను. ఇద్దరమని.

"బీజా?" రెండో ఆయన?

"ఆవీ గయా ఛే." వచ్చేశారని.

కండక్టర్ కిటికీ వైపు చూశాడు. తువ్వాలను చూశాడో, ఇంకేం చూశాడో నాకు తెలియదు. మెషిన్ లోంచి రెండు టికెట్లు తీసి ఇచ్చి విజిల్ వేశాడు. బస్సులో అంతమంది నిలబడి ఉన్నారు కదా, దారి పొడవునా ఆ సీటు ఎవరూ అడగలేదు.

ఊరు దాటాక వెనక్కి తిరిగి ఆమెను అడిగాను, తువ్వాల ఎవరు వేశారని. ఆమె నన్ను వింతగా చూసింది. ఆమె చెప్పింది ఇది. అటువైపు, అంటే కుడివైపు, పక్కన ఆగిన బస్సుకూ మా బస్సుకూ మధ్య సందులో ఒక సన్నటి మనిషి నిలబడ్డాడు. జుట్టు నెరిసింది. కింద నుంచే తువ్వాల విసిరాడు, సరిగ్గా సీటు మీద పడింది. మా అబ్బాయి, నేను, ఇద్దరం ఉన్నాం, వాడు ఛాతీ మీద నీలం సంచి వేసుకుని వస్తాడు, కాస్త చూడమన్నాడు.

"అంత గట్టిగా అరవడమెందుకు? నాకేమైనా చెవుడా?" అంది. "సరే చూస్తాలే అన్నాను. ఆయనకు వినపడలేదు. అప్పుడిలా చేశాడు, ఇదేమిటో నాకు తెలియలేదు."

చూపుడు వేలు అడ్డంగా పెట్టి అటూ ఇటూ కదిపింది.

నేను ముందుకు తిరిగి కూర్చున్నాను. భయం వేసిందా అని తర్వాత చిన్నబాపు అడిగాడు. లేదు. కళ్లు తుడుచుకుంటుంటే పక్కన నిలబడ్డాయన దుమ్మనుకుని మా కిటికీ అద్దం మూయబోయాడు. అంతే గుర్తుంది.

వెదురు కర్రల మీద బొంబిల్ చేపలు ఎండబెట్టిన ఊళ్లు వచ్చాయి. వాసనకు కొందరు ముక్కు మూసుకున్నారు. పోటు లేని వేళేమో, పడవలు బురదలో ఒరిగి ఉన్నాయి. ఒక మలుపు దాటాక కుడివైపు మొత్తం సముద్రమే. బూడిద రంగు నీళ్లు. అందంగా ఉందని ఫోటోల్లో చూపించే సముద్రం కాదు. అయినా కిటికీ నిండా అదే ఉంది.

అద్దం సగం మూసి ఉంది. లేచి, తువ్వాల మీదుగా వంగి, పూర్తిగా జరిపాను. గాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. తువ్వాల సీటు మీంచి లేచింది. ఎగిరిపోతుందని చెయ్యి చాపాను. పోలేదు. మూడు మూలలు గాలిలో కొట్టుకుంటున్నాయి, కిటికీ పక్క మూల మాత్రం సీటుకు అతుక్కుని ఉంది.

ఆ మూలకు ముడి ఉంది. పట్టుకుంటే లోపల గుండ్రంగా, గట్టిగా ఏదో తగిలింది. మధ్యలో బెజ్జం.

దమణ్‌కు ముందు ఒక ఊళ్లో చేపలామె దిగిపోయింది. దిగుతూ, "మీ బాపూజీకి చెప్పు, సీటు ఎవరికీ ఇవ్వలేదని," అంది. పరిహాసమో, నిజంగానే అందో చెప్పలేను. చెబుతానన్నాను.

చివరి స్టాపులో దిగి తువ్వాలను మడతపెట్టి బ్యాగులో పెట్టాను. దగ్గర్లోని వాపి స్టేషన్‌కు పోయి రైలెక్కి సాయంత్రానికి ఇల్లు చేరాను.

అమ్మకు ఏమీ చెప్పకూడదని దారిలో నిర్ణయించుకున్నాను. చెబితే ఆమె ఇంకో ఏడాది దాని మీదే ఉంటుందని నా భయం. సముద్రం కనిపించిందని, బస్సు బాగానే పోయిందని మాత్రం చెప్పాను.

"కిటికీ కాడ ఎవలు కూసున్నరు?"

అడుగుతూనే ఆమె బ్యాగు తెరిచింది. పైనే రెండు టికెట్లు ఉన్నాయి. వాటిని చూసి పక్కన పెట్టింది. తువ్వాల తీసింది. ముడి చేతికి తగలగానే ఆగిపోయింది.

"నేను పొద్దుగాల ఇస్త్రీ చేసి పెడ్తి. గిది ఎవలు ఏసిండ్రు?"

చెప్పక తప్పలేదు. మొదటినుంచి చివరిదాకా చెప్పాను, చేపలామె వేలు కదపడంతో సహా. అంతా విన్నాక అమ్మ లేచి తన స్టీలు డబ్బా తెచ్చి మూత తీసింది. వాషర్ అందులోనే ఉంది. నా అరచేతిలో పెట్టింది.

నా చేతిలో ఒకటి. ముడిలో ఒకటి, లేదా అలాంటిదేదో. నేను ముడి అందుకున్నాను. విప్పితే తేలిపోతుంది కదా అన్నాను.

"ఇప్పకు," అంది అమ్మ. "మల్ల ఏడికన్న పోవాల్నంటే ఆయనకు గావాల్నాయె."

తర్వాత వంటింట్లోకి పోయి స్టవ్ వెలిగించింది. టీ వాసన వచ్చేదాకా ఏం చేస్తోందో నాకు తట్టలేదు. తను ఒక గ్లాసు తీసుకుని గడపలో కూర్చుని మెల్లగా, ఊదుకుంటూ తాగింది.

నా వంతు ఆలోచన నేను చేశాను. సూరత్‌లో అలాంటి కోరా గుడ్డ, అలాంటి ఎర్ర అంచు ఎన్ని సాంచాలు నేస్తాయో లెక్క లేదు. వాషర్ కట్టే అలవాటూ బాపు ఒక్కడిది కాదు. నీలం సంచి కొడుకు ఉన్న ఇంకో సాంచాల మనిషి ఆ రోజు వల్సాడ్‌లో ఉండి, తువ్వాల వేసి బస్సు అందుకోలేకపోయి ఉండొచ్చు. అంతదాకా ఒప్పుకుంటాను. మరి నా బ్యాగులోని తువ్వాల ఎక్కడికి పోయింది? దొంగ తీశాడంటే, పర్సు వదిలి తువ్వాల తీసి మళ్లీ జిప్ వేసే దొంగ ఎవరు? నేనే తీసి మర్చిపోయానంటే, ఆ మూల ముడి ఎప్పుడు వేశాను, అందులో ఏం పెట్టాను? ఒక్కోదానికి ఒక్కో కారణం చెప్పగలను. అన్నిటికీ కలిపి సరిపోయే కారణం ఒక్కటీ దొరకలేదు.

మా ఇంట్లో స్క్రూడ్రైవర్లు, అయస్కాంతం, కొలతలు తీసే వెర్నియర్ అన్నీ ఉన్నాయి. ముడి విప్పడానికి అవేవీ అక్కర్లేదు, గోరు చాలు. తువ్వాల నా బ్యాగులోనే ఉంది. లోపల ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను విప్పలేదు.